కాలం అల్లాహ్‌ది, లెక్క మనది



ఈ సంచికకు ఏటా చదువు గురించో, ఆరోగ్యం గురించో రాయమని సొసైటీ పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. ఈసారి కాలం గురించి రాస్తామన్నాం. "మాస్టారూ, కాలం గురించి రాయడానికేముంది? గడియారం చూస్తే సరిపోదా?" అన్నారొక పెద్దాయన. సరిపోదని చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో కొంత సైన్సు, కొంత చరిత్ర, చివర మన సొసైటీ ఖజానాకు సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం ఉన్నాయి. ఓపికగా చివరిదాకా చదవమని మనవి.

పుల్ల నీడ చెప్పిన పాఠం

ఒక ఫిబ్రవరి నెలలో పిల్లలతో బడి ఆవరణలో నిటారుగా ఒక పుల్ల పాతించాం. పావుగంటకోసారి నీడ చివర సున్నంతో చుక్క పెట్టమన్నాం. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే అసలైన మధ్యాహ్నం అని పాఠం. పన్నెండు కొట్టింది. నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. పన్నెండుంబావు దాటింది, ఇంకా తగ్గుతోంది. 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో గాని అది తిరగలేదు. "గడియారం తప్పా సార్, సూర్యుడు తప్పా?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

రెండూ తప్పు కాదు. మన గడియారం వేటపాలెం సూర్యుణ్ణి చూసి నడవడం లేదు. దేశమంతటికీ ఒకే టైము ఉండాలని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సూర్యుణ్ణి లెక్కకు తీసుకున్నారు. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ, తుని ప్రాంతం మీదుగా పోతుంది. వేటపాలెం దానికి పడమరగా, సుమారు 80.3 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కనుక ఆ రేఖ మీద మధ్యాహ్నమైన దాదాపు 9 నిమిషాలకు గాని మన ఊళ్ళో మధ్యాహ్నం కాదు.

ఇది సగటు లెక్క. భూమి సూర్యుని చుట్టూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగదు. దాని ఇరుసు కూడా ఒరిగి ఉంటుంది. అందువల్ల ఫిబ్రవరి నడుమ మన ఊరి మధ్యాహ్నం 12.23కి వెళ్తుంది, నవంబరు మొదట్లో 11.52కే వచ్చేస్తుంది. అంటే ఏడాదిలో అరగంట పైచిలుకు అటూ ఇటూ ఊగుతుంది. గోడ గడియారానికి ఈ సంగతి తెలియదు. పుల్ల నీడకు తెలుసు.

స్టేషన్ గడియారం మారిన రోజు

బెజవాడ నుంచి మద్రాసుకు రైలు మార్గం 1899లో పూర్తయింది. అప్పుడు రైళ్ళు నడిచింది మద్రాసు టైము మీద. ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో ఖగోళ పరిశోధనాలయం కట్టింది. అక్కడి గోల్డింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త 1802లో ఆ స్థలం రేఖాంశాన్ని లెక్కగట్టాడు. దాని ప్రకారం మద్రాసు టైము గ్రీన్‌విచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. తర్వాతి కాలంలో దేశంలోని రైళ్ళన్నీ దీన్నే పట్టుకున్నాయి.

వేటపాలెం ఇంచుమించు మద్రాసుకు సరిగ్గా ఉత్తరాన ఉంది. కనుక మద్రాసు టైము అంటే దాదాపు మన ఊరి సొంత టైమే. 1906 జనవరి 1న ఇప్పటి భారత ప్రామాణిక కాలం వచ్చింది. మద్రాసు టైముకు, దానికి తేడా 8 నిమిషాల 46 సెకన్లు. ఆ మేరకు గడియారాలను ముందుకు జరిపారు. ఆనాడు ఆకాశంలో ఏమీ మారలేదు. కాగితం మీద ఒక నిర్ణయం మారింది. అంతే.

కలకత్తా వారు తమ పాత టైమును 1948 వరకు, బొంబాయి వారు 1955 వరకు వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశమంతా గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుని బతికింది. అస్సాం తేయాకు తోటల్లో నేటికీ గంట ముందున్న "తోట టైము" వాడుకలో ఉంది. మన మండలం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు కదిలిందా? లేదు. గంటా నిమిషాలు కూడా ఈ జిల్లా సరిహద్దుల వంటివే. అవసరం కోసం మనుషులు గీసుకున్న గీతలు.

గంట అంటే గంటే

పగలు, రాత్రి, నెల, ఏడాది సృష్టిలో ఉన్నాయి. భూమి తిరుగుడు, చంద్రుని వృద్ధిక్షయాలు, రుతువులు మనం పెట్టినవి కావు. గంట, నిమిషం, వారం మాత్రం మనుషులు ఏర్పరచుకున్నవి. రోజును 24 భాగాలే చేయాలన్న నియమం ఆకాశంలో ఎక్కడా లేదు. మన పెద్దలు 60 భాగాలు చేసి ఒక్కోదాన్ని గడియ అన్నారు. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ళలో వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం. మునిగినప్పుడల్లా కంచు పళ్ళెం మోగించేవారు. హిందుస్థాన్‌లో జనం గడియలు, జాములు లెక్కించే ఈ తీరును బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో రాసుకున్నాడు. గడియారం అన్న పేరు ఆ గడియ నుంచే వచ్చింది. మోగే గంటను, అరవై నిమిషాల కాలాన్ని తెలుగులో ఒకే మాటతో పిలుస్తాం. వినబడిన చప్పుడే కాలానికి పేరైంది.

మన ఇళ్ళలో వాడే మాటలను గమనించండి. తెలుగులో నిన్న వేరు, రేపు వేరు. ఉర్దూలో రెంటికీ "కల్" ఒక్కటే. క్రియను బట్టి గ్రహించుకోవాలి. గురువారాన్ని "జుమేరాత్" అంటాం, అంటే జుమా రాత్రి. ఇస్లామీయ గణనలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక గురువారం రాత్రి శుక్రవారానికి చెందుతుంది. గోడ గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది, పంచాంగానికి సూర్యోదయంతో మారుతుంది. ఒకే వీధిలో మూడు రకాల రోజులు నడుస్తున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

మన ఊరి మగ్గాలనే తీసుకోండి. గుంట మగ్గం మీద కూర్చున్న నేతకారుణ్ణి రోజుకెన్ని గంటలు నేస్తావని అడిగితే ఆలోచిస్తాడు. ఒక చీరకు ఎన్ని రోజులని అడిగితే వెంటనే చెబుతాడు. అతని కాలం పడుగుతో మొదలై పడుగుతో ముగుస్తుంది. వానలకు గుంటలో నీరు ఊరితే ఆ కాలం ఆగిపోతుంది. సముద్రం మీదికి వెళ్ళేవారికి అమావాస్య, పున్నమి పోట్లు ఒక లెక్క, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఇంకో లెక్క. కాలం ఒకటే. బతుకును బట్టి కొలత మారుతుంది.

నమాజు వేళలు, పొరుగూరి పట్టిక

నమాజు వేళలు సూర్యుని బట్టి ఏర్పడినవి. తెల్లవారు వెలుగుతో ఫజర్, సూర్యుడు నడినెత్తి నుంచి వాలగానే జుహర్, నీడ నిర్ణీత పొడవుకు చేరినప్పుడు అసర్, అస్తమించగానే మగ్రిబ్, సంధ్యకాంతి పోయాక ఇషా. అసర్‌కు నీడ వస్తువంత పెరగాలని షాఫయీలు, రెండింతలు కావాలని హనఫీలు లెక్కిస్తారు. మధ్యాహ్నపు నీడను ఇందులో కలపరు. మన ఊళ్ళో మే మొదటి వారంలో, ఆగస్టు రెండో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం నిటారు పుల్లకు నీడే ఉండదు.

ఈ అవసరమే ముస్లిం సమాజాన్ని ఖగోళశాస్త్రం వైపు నడిపించింది. పెద్ద మసీదులలో వేళలు లెక్కగట్టడానికి "మువఖ్ఖిత్" అనే ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్నుల్ షాతిర్ 1371లో అక్కడి మినారు మీద గొప్ప నీడ గడియారాన్ని అమర్చాడు. గ్రహాల గతి గురించి ఆయన వేసిన నమూనాలను నేటి చరిత్రకారులు కోపర్నికస్ నమూనాలతో పోల్చి చదువుతున్నారు.

ఇక్కడ మా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. బంధువులు పంపిన హైదరాబాదు పట్టికను గోడకు తగిలించి, కొన్ని రోజులు దాన్ని చూసే సహరీ ముగించాం. హైదరాబాదు మనకన్నా దాదాపు 2 డిగ్రీలు పడమర. అక్కడి సూర్యుడు మనకన్నా సుమారు 7 నిమిషాలు వెనక. అంటే వారి పట్టిక ప్రకారం చివరి నిమిషందాకా తిన్న మేము, మన ఊళ్ళో వేళ దాటాక తిన్నాం. విశాఖపట్నం మనకు 3 డిగ్రీలు తూర్పు. అక్కడి ఇఫ్తార్ వేళను టీవీలో చూసి ఇక్కడ ఖర్జూరం నోట్లో వేసుకుంటే, 12 నిమిషాల ముందే రోజా విడిచినట్లవుతుంది. రుతువును బట్టి ఈ తేడా కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. కనుక పట్టిక ఏ ఊరిదో చూసుకోండి. సెల్‌ఫోనులో ఊరి పేరు సరిచేసుకోండి. చిన్న విషయమే గాని, రోజంతా ఉన్న ఉపవాసం దాని మీద ఆధారపడి ఉంది.

రెండు ఏడాదుల మధ్య 11 రోజులు

హిజ్రీ శకాన్ని హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు ఏర్పాటు చేశారు. 622లో జరిగిన హిజ్రత్ సంవత్సరాన్ని మొదటిదిగా తీసుకున్నారు. నెలవంకలు ప్రజలకు కాలాన్ని తెలిపే గుర్తులని ఖురాన్ చెబుతుంది. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, కొన్నిసార్లు 355. సౌర సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. తెలుగు పంచాంగంలో ఈ తేడాను సర్దడానికి రెండున్నర, మూడేళ్ళకోసారి అధిక మాసం వేస్తారు. అందుకే ఉగాది ఎప్పుడూ మార్చి, ఏప్రిల్ దాటిపోదు. ఇస్లాంలో అలా నెల కలపడం నిషిద్ధం. కనుక రంజాన్ అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. ఎండలో, వానలో, చలిలో అందరికీ వంతు వస్తుంది. ఈ ఏర్పాటులో ఉన్న న్యాయం అది.

అయితే పంట సూర్యుణ్ణి బట్టి వస్తుంది. 32 సౌర సంవత్సరాలు గడిచేసరికి 33 చాంద్ర సంవత్సరాలు పూర్తవుతాయి. హిజ్రీ లెక్కన శిస్తు అడిగితే రైతు 32 పంటలు పండించి 33 శిస్తులు కట్టాలి. ఈ అన్యాయాన్ని గ్రహించే మొగలు పాలకులు శిస్తు కోసం "ఫసలీ" సంవత్సరాన్ని ఏర్పరచారు. ఫసల్ అంటే పంట. ఇది అక్బరు కాలంలో మొదలై, షాజహాను కాలంలో దక్కనుకు వచ్చింది. హిజ్రీ అంకెతోనే మొదలుపెట్టి, ఆపైన సూర్యుని వెంట నడిపించారు. మన రెవెన్యూ రికార్డుల్లో, పాత పట్టాల్లో కనిపించే ఫసలీ ఇదే. మన వైపు అది జూలై 1తో మొదలవుతుంది. 2023 జూలైలో మొదలైనది 1433వ ఫసలీ. పండుగలకు చంద్రుణ్ణి అలాగే ఉంచి, పంటకు సూర్యుణ్ణి పట్టుకున్నారు. ఏ పనికి ఏ లెక్క తగునో తెలుసుకున్న పాలన అది.

జకాత్ లెక్కలో మరచిపోయే సంవత్సరం

ఇదే 33 సంవత్సరాల లెక్క దాతలకు వేరే రూపంలో వర్తిస్తుంది. నిసాబ్‌కు చేరిన సొమ్ము మీద ఒక చాంద్ర సంవత్సరం గడిస్తే జకాత్ 2.5 శాతం. ప్రతి రంజాన్‌కు లెక్క చూసుకునేవారికి చిక్కు లేదు. కానీ వస్త్ర వ్యాపారం, జీడిపప్పు వ్యాపారం చేసే సోదరులు చాలామంది మార్చి 31న ఖాతాలు ముగించి, ఆ అంకెల మీదే 2.5 శాతం తీస్తారు. అలా చేస్తే 32 ఏళ్ళలో 32 సార్లు ఇస్తారు. గడిచిన చాంద్ర సంవత్సరాలు మాత్రం 33. ఒక ఏడాది జకాత్ పూర్తిగా మిగిలిపోతుంది.

అందుకే ఆర్థిక సంవత్సరం ప్రకారం లెక్కించేవారు 2.577 శాతం ఇవ్వాలని జకాత్ లెక్కలు తెలిసినవారు చెబుతారు. 4 లక్షల మీద 10,000 బదులు సుమారు 10,300 రూపాయలు. తేడా 300. ఒక్కరికి అది చిన్న మొత్తం. ఊరందరిదీ కలిపితే చిన్నది కాదు. ఎవరి లెక్కకు ఏది వర్తిస్తుందో ఉలమాను అడిగి నిర్ణయించుకోగలరు.

రంజాన్ ముందుకు వస్తోంది, జూన్ కదలడం లేదు

ఇప్పుడు అసలు విషయం. మన సొసైటీకి వచ్చే విరాళాల్లో పెద్ద భాగం రంజాన్‌లోనే వస్తుంది. పుణ్యం అధికమని నమ్మి ఇచ్చే నెల అది, మంచిదే. కానీ మనం సాయపడే పిల్లల అవసరం సూర్యుని క్యాలెండరు మీద ఉంది. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. నోటు పుస్తకాలు, బూట్లు, బస్ పాసులు, పదో తరగతి పాసైనవారికి కాలేజీ ఫీజులు అన్నీ జూన్, జూలైల్లోనే.

2016లో రంజాన్ జూన్ 7న మొదలైంది. బడి తెరిచేటప్పటికి సొమ్ము చేతిలో ఉంది. అది మన ముందుచూపు అనుకున్నాం. నిజానికి చంద్రుడు, సూర్యుడు ఆ ఏడు ఒకచోట కలిశారు. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి. మళ్ళీ జూన్‌లో రావాలంటే 2047 ప్రాంతం దాకా ఆగాలి. నేడు ఒకటో తరగతిలో ఉన్న బిడ్డ అప్పటికి తన బిడ్డను బడిలో వేస్తుంటుంది.

దీని ఫలితం మేము కళ్ళారా చూశాం. ఒక నేత కుటుంబంలోని అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్‌లో చేరడానికి జూన్‌లో ఫీజు కావాలి. రంజాన్‌లో వచ్చిన సొమ్ము అప్పటికే రేషన్ కిట్లకు, మందులకు, పండుగ బట్టలకు న్యాయంగానే ఖర్చయింది. పెట్టెలో మిగిలింది చాలలేదు. మేము నలుగురం తిరిగి, చేబదులు చేసి కట్టేసరికి మూడు వారాలు గడిచాయి. అమ్మాయి చేరింది. కానీ మొదటి పాఠాలు పోయాయి. "సార్, క్లాసులో వాళ్ళు చెప్పుకునేది నాకు అర్థం కావడం లేదు" అని వచ్చి చెప్పినప్పుడు మా దగ్గర జవాబు లేదు. తప్పు ఎవరిదీ అనలేం. రెండు క్యాలెండర్ల మధ్య ఉన్న ఎడం మనమెవరమూ చూసుకోలేదు.

పరిష్కారం కష్టం కాదు. అధిక మాసం వేయనక్కరలేదు, రంజాన్ దానాలు తగ్గించనక్కరలేదు. మా మనవి మూడు మాటల్లో చెబుతాం. ఒకటి, రంజాన్‌లో ఇచ్చేటప్పుడు జకాత్ ఎంతో, సదఖా ఎంతో విడిగా చెప్పండి. జకాత్ అర్హులకు ఆలస్యం లేకుండా చేరాలి, దాన్ని దాచిపెట్టడం తగదు. సదఖాలో కొంత భాగాన్ని జూన్ నిధిగా ఉంచుకోవచ్చు. రెండు, నిసాబ్ ఉన్నవారు రాబోయే సంవత్సరపు జకాత్‌ను ముందుగానే చెల్లించడాన్ని చాలామంది ఉలమా అనుమతించారు. పెద్దలను అడిగి, వచ్చే రంజాన్‌కు ఇవ్వవలసిన దానిలో కొంత ఈ జూన్‌లోనే ఇవ్వండి. రంజాన్‌లో మిగతాది లెక్క చూసి సరిచేసుకోవచ్చు. మూడు, వీలైనవారు నెలకింత అని ఇవ్వండి. నెలనెలా వచ్చే వంద రూపాయలకు ఏ క్యాలెండరుతోనూ పేచీ లేదు.

చివరిగా

మన ఊరి సారస్వత నికేతనం 1918లో ఏర్పడింది. ఎప్పటెప్పటి పాత పత్రికలనో అక్కడ పదిలంగా ఉంచారు. అవి తిరగేస్తుంటే ఒకటి తోస్తుంది. కాలాన్ని ఎవరూ ఆపలేదు గాని, కొందరు దాన్ని వృథా పోనివ్వలేదు. ఒక పుస్తకాలయం నిలబెట్టినవారు, ఒక వక్ఫ్ రాసిచ్చినవారు, ఒక పిల్లను చదివించినవారు తాము లేని కాలంలో కూడా పనిచేస్తున్నారు.

నేడు శాస్త్రవేత్తలు సెకనును సీజియం పరమాణువు కంపనాలతో కొలుస్తున్నారు. సెకనుకు 919 కోట్లకు పైగా కంపనాలు. అంత సూక్ష్మంగా కొలవగలిగినా ఒక్క సెకను పెంచుకోలేం. కాలం అల్లాహ్ ఇచ్చినది. లెక్క మాత్రం మన చేతిలో ఉంది. దాన్ని అవసరానికి తగ్గట్టు సరిచేసుకోవడం మన బాధ్యత.

ఒక మాట చెప్పి ముగిస్తాం. "వాయిదా" అని మనం రోజూ అంటుంటాం. అది అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. అసలు అర్థం ఇచ్చిన మాట, వాగ్దానం. వాడగా వాడగా గడువు అయింది, చివరికి తర్వాత చూద్దాం అనే అర్థానికి దిగింది. ఈ జూన్‌లో మన పిల్లల విషయంలో ఆ మాటను దాని మొదటి అర్థంలోనే వాడుకుందాం. ఇన్షా అల్లాహ్.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.